పాలు పడవు అనేవాళ్ల కోసం

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు గ్లాసులున్నాయి. రెండింటిలోనూ ఒకే ప్యాకెట్ పాలు. రెండోదాంట్లో నిన్న రాత్రి కొన్ని లాక్టేజ్ చుక్కలు వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. పంచదార పలుకు కూడా వేయలేదు. ముందు వరసవాళ్లు ఇందాక రుచి చూశారు, రెండోవి తియ్యగా ఉన్నాయన్నారు.

ఆ తీపి పాలలోదే. 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జంటగా కలిస్తే అది. జంట విడిపోతే తీపి పెరుగుతుంది, చక్కెర మొత్తం మాత్రం పెరగదు. విడదీసే ఎంజైమే లాక్టేజ్. అది మన చిన్నపేగు లోపలి గోడల మీద ఉంటుంది. చాలినంత లేకపోతే లాక్టోజ్ అలాగే పెద్దపేగులోకి జారి నీళ్లు లాగుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. ఉబ్బరం, గుడగుడ, విరేచనాలు అందుకే.

మా అమ్మకు పాలు పడేవి కాదు. "మజ్జిగ శుభ్రంగా తాగుతావు, పాలకేమొచ్చింది?" అనేది మా నాయనమ్మ. అమ్మ దగ్గర జవాబు ఉండేది కాదు, తలొంచుకునేది. జవాబు తోడులో ఉంది. తోడు పెట్టాక అందులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది, పెరుగుతోపాటు తన ఎంజైమ్‌ను కూడా మన పేగులోకి తెస్తుంది. అమ్మ వంక పెట్టలేదు. ఆ మాట అప్పుడు చెప్పగలిగే వయసు నాకు లేదు.

పాలు పడకపోవడం జబ్బు కాదు. పసితనం దాటాక లాక్టేజ్ తగ్గడం మనుషుల్లో మామూలే. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది ఇంతే. కొందరిలో లాక్టేజ్ జీవితాంతం నిలిచేలా చేసే జన్యుమార్పును 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు గుర్తించారు. మన దేశంలో ఆ మార్పు ఉత్తరాదిలో ఎక్కువ, మన దక్షిణాదిలో తక్కువ.

ఈ చుక్కల్లోని ఎంజైమ్‌ను ఈస్ట్ నుంచి తీస్తారు. మాత్రల్లోది ఎక్కువగా ఒక రకం బూజు నుంచి వస్తుంది, కడుపులోని ఆమ్లాన్ని కొంత తట్టుకుంటుంది. మాత్రను పాల పదార్థం తినబోయే ముందు వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే లాభం లేదు. డెయిరీలు లాక్టోజ్ లేని పాలు చేసేదీ, ఐస్‌క్రీమ్ ఇసుకలా పలుకులు కట్టకుండా చూసుకునేదీ ఈ ఎంజైమ్‌తోనే.

పిల్లలకు విరేచనాలయ్యాక కొన్నాళ్లు పాలు పడకపోవచ్చు. పేగు గోడ కోలుకుంటే చాలావరకు అదే సర్దుకుంటుంది. టెన్షన్ పడి మీ అంతట మీరు పాలు మాన్పించకండి, డాక్టర్‌ని అడగండి.

మిగతావాళ్లు కూడా వచ్చి రుచి చూడండి. పాల ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ముట్టుకోవద్దు. అది పాలలోని ప్రొటీన్‌తో వచ్చేది, ఈ చుక్కలతో పోదు.