ఎపిసోడ్ 46: బందరు, 1902, ఒక పట్టుచీర

పద్మజ: నమస్కారం. ఈసారి ఫ్యాను ఆపేశాం. పోయినసారి గరగర అని తిట్టినవాళ్లంతా సంతోషించండి. మే నెలలో, మొగల్రాజపురంలో, కిటికీలు కూడా వేసుకుని కూర్చున్నాం.

లలిత: నేను గుంటూరు నుంచి బస్సులో ఉడికిపోతూ వచ్చింది ఇందుకన్నమాట. నా గ్లాసేది?

పద్మజ: గ్లాసు మాట ఎత్తావంటే లేచిపోతా.

లలిత: సరే సరే. పాత ఎపిసోడ్ గొడవ, వినేవాళ్లకి తెలుసులే.

పద్మజ: ఇవాళ స్త్రీల హక్కుల పోరాటం, మన జిల్లాల్లో ఎలా జరిగిందని. లలిత కాగితాలు తెచ్చింది. నేను బందరు తెచ్చాను.

లలిత: ఒకటి. బందరు మాట ఎన్నిసార్లంటావో ఇవాళ లెక్కపెడతాను వదినా.

పద్మజ: పెట్టుకో. 1902లో భండారు అచ్చమాంబ గారు బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆడవాళ్లు ఆడవాళ్ల కోసం. అప్పటికి బెజవాడలో ఏముంది?

లలిత: రెండు. ఆవిడ పుట్టింది పెనుగంచిప్రోలులో. తిరుపతమ్మ తల్లి గుడి ఉన్న ఊరు. బందరు కాదు.

పద్మజ: ఎక్కడ పుడితేనేం, ఎక్కడ పనిచేసిందో చూడాలి. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుకి చెబుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని గొప్ప ఆడవాళ్ల చరిత్రలన్నీ ఒకచోట చేర్చింది. 1905లో పోయింది, ముప్పై ఏళ్లకే.

లలిత: అంతకుముందు రాజమండ్రి ఉందిగా. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. చట్టం వచ్చింది 1856లో. అంటే చట్టం పుట్టిన పాతికేళ్లకి మన వైపు ఒక పెళ్లి.

పద్మజ: అది మగాయన చేయించింది. బందరులో ఆడవాళ్లే పెట్టుకున్నారు. తేడా లేదా?

లలిత: ఉంది, ఒప్పుకుంటా. మూడు. మా గుంటూరు కూడా చెప్పనీ మరి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు శారదా నికేతనం పెట్టారు. ఆడపిల్లలకి చదువుతోపాటు చేతిపనీ నేర్పారు. తన కాళ్ల మీద తను నిలబడాలని. ఇక 1929 శారదా చట్టం, ఆడపిల్లకి పెళ్లి వయసు 14. 1937లో విధవలకి ఆస్తిలో హక్కన్నారు, కానీ అనుభవించడానికే, అమ్ముకోవడానికి కాదు. 1956లో హిందూ వారసత్వ చట్టం. పెళ్లి, ఆస్తి చట్టాలు ఒకచోట చేర్చిన హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వలేదని అంబేద్కర్ గారు 1951లో మంత్రి పదవే వదులుకున్నారు. ఆ బిల్లే తర్వాత ముక్కలు ముక్కలుగా చట్టాలై వచ్చింది, 1956ది అందులో ఒకటి. 1977లో సుప్రీంకోర్టులో తులశమ్మ కేసు. మన తెలుగావిడే. మనోవర్తి కింద రాసిచ్చిన ఆస్తి బతికినన్నాళ్లే అన్నారు. కాదు, పూర్తిగా ఆవిడదేనని తేల్చారు.

పద్మజ: అమ్మో, ఊపిరి పీల్చుకో. మరి కూతుళ్ల సంగతి?

లలిత: అక్కడికే వస్తున్నా. 1956లో కూతురికి దక్కింది నాన్న వాటాలో వాటా. పిత్రార్జితంలో కొడుకు పుడుతూనే భాగస్తుడు, కూతురు కాదు. దాన్ని మన రాష్ట్రం మార్చింది, ఎన్టీఆర్ హయాంలో. చట్టం 1986లో వచ్చినా 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుంది. కేంద్రం అదే పని 2005లో చేసింది.

పద్మజ: ఇరవై ఏళ్ల ముందే చేశాం మనం.

లలిత: ఒక మెలిక పెట్టి. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయినవాళ్లకి లేదు. మా చిన్నత్త పెళ్లి 1985 మేలో. నాలుగు నెలలు!

పద్మజ: 2005లో ఆ మెలిక తీసేశారుగా.

లలిత: తీసేశారు. అప్పటికి వాళ్ల పంపకాలు అయిపోయి, కాగితాలు రిజిస్టరై కూర్చున్నాయి. నాన్న 2005 నాటికి బతికుండాలా అక్కర్లేదా అని మళ్లీ పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2020 ఆగస్టులో అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంతమంది ఇన్నేళ్లు కొట్లాడి తెచ్చారా... నాకు ఏ మెలికా లేదు. 1996లో నా పెళ్లి. అయినా 2012లో వెళ్లి నా వాటా వదులుకుంటున్నానని సంతకం పెట్టొచ్చాను.

పద్మజ: లలితా, రికార్డవుతోంది.

లలిత: తెలుసు. తుళ్లూరు దగ్గర ఎకరం ముప్పావు. దస్తావేజులు రాసేటాయన ఒక్క గుక్కలో చదివేశాడు, ‘నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేక’ అని. నాకు ఆ మాటలే వినపడ్డాయి. వేలిముద్ర వేశాక బొటనవేలికి సిరా వదల్లేదు. నువ్వే నీ కొంగు తడిపి తుడిచావు. ఇంటికొచ్చాక చీర పెట్టావు. వంగపండు రంగు.

పద్మజ: ఆ చీర నీకు నచ్చిందన్నావు.

లలిత: చీర బాగానే ఉంది.

పద్మజ: రాజధాని వస్తుందని అప్పుడెవరికి తెలుసు? అది 2014 సంగతి. మీ అన్నయ్యకి ఆ ఏడు అప్పులు ఎలా ఉన్నాయో నీకూ తెలుసు.

లలిత: రాజధాని మాట వదిలెయ్. రాకపోయినా అది ఎకరం ముప్పావే.

పద్మజ: నీ పెళ్లికి మామయ్యగారు రెండెకరాలు అమ్మలేదా మరి? అది లెక్కలోకి రాదా?

లలిత: నాకిచ్చారా? కట్నం ఇచ్చారు. అది మా మామగారి బీరువాలోకి పోయింది. అందులో పదివేలు కూడా నా పేరున లేవు. 1961 నుంచీ కట్నం నేరం వదినా. నేరం చేసి ఎవరికో ఇచ్చిన డబ్బుని నా వాటా కింద కోసేశారు. ఈ లెక్క ఏ కరణం కట్టాడో చెప్పు.

పద్మజ: అందరిళ్లల్లో అదే లెక్క.

లలిత: అదే నేను చెప్పేది. సరే, నీ దగ్గరకి కాగితం తెస్తే పెడతావా?

పద్మజ: ...

లలిత: చెప్పు, పెడతావా?

పద్మజ: తెచ్చారు. పెట్టలేదు.

లలిత: ఎప్పుడు?

పద్మజ: 2009లో, నాన్న పోయాక. ఖొజ్జిల్లిపేట ఇంటి కాగితం పట్టుకుని తమ్ముళ్లిద్దరూ వచ్చారు. కాఫీ ఇచ్చాను. పెట్టనన్నాను. గట్టిగా కూడా అనలేదు. కాఫీ తాగకుండానే వెళ్లిపోయారు. అంతే. సంక్రాంతికి పిలుపు లేదు, పెద్దవాడి కూతురి పెళ్లికి శుభలేఖ పోస్టులో వచ్చింది. పదహారేళ్లయింది నేను బందరు వెళ్లి.

లలిత: ఏదో మాట పట్టింపనుకున్నాం మేమంతా.

పద్మజ: బందరు లడ్డూ కూడా బీసెంట్ రోడ్డులోనే కొనుక్కుంటున్నా. ఏంటి, లెక్కపెట్టట్లేదే?

లలిత: మర్చిపోయా. ఆగు వదినా. అంటే 2012లో నా పక్కన నిలబడి వేలు తుడిచినప్పుడు నీకు అన్నీ తెలుసు.

పద్మజ: తెలుసు.

లలిత: చెప్పలేదేం?

పద్మజ: నువ్వూ పెట్టనంటే మీ అన్నయ్య నీతో మాట్లాడ్డం మానేస్తాడని భయమేసింది. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి.

లలిత: ఆ భయం నా కోసమా, పొలం కోసమా?

పద్మజ: ఏమో. రెండూ ఉన్నాయేమో. ఇప్పుడు అడిగితే ఏం చెప్పను?

లలిత: నిజమే చెప్పావులే.

పద్మజ: నీళ్లు తాగుతావా?

లలిత: గ్లాసులోనా?

పద్మజ: (నవ్వు) నోరుముయ్. సగం కాగితాలు అలాగే ఉన్నాయి, చదువు.

లలిత: దూబగుంట. 1992, నెల్లూరు జిల్లా. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే. అది ఎక్కువకాలం నిలవలేదు. పంచాయతీల్లో ఆడవాళ్లకి మూడో వంతు సీట్లు రాజ్యాంగం 73వ సవరణతో వచ్చాయి, తర్వాత మన రాష్ట్రంలో సగం చేశారు. ఇది విడిగా చేద్దాం, సర్పంచి గారి భర్త గురించే గంట పడుతుంది.

పద్మజ: దూబగుంట కూడా విడిగా చెయ్యాలి. ఇలా చదివేస్తే తప్పు. గేటు చప్పుడయిందా?

లలిత: అన్నయ్య బండే.

పద్మజ: నూజివీడు రసాలు తెస్తానన్నాడు నీ కోసం. పొద్దున్నే వెళ్లాడు.

లలిత: ఇదంతా ఉంచుతావా, కోసేస్తావా?

పద్మజ: నువ్వు చెప్పు. పొలం నీది.

లలిత: నాది కాదుగా ఇప్పుడు.

పద్మజ: వస్తున్నా, వస్తున్నా! లలితా, ముందు ఆ ఫ్యాను వెయ్యి.