హాట్‌స్పాట్ వదిలిన జాడను కొలవడం

అందరికీ నమస్కారం. లెక్కతోనే మొదలుపెడదాం. భూమి లోతుల్లోంచి వేడి పైకి ఉబికి అగ్నిపర్వతాలను పుట్టించే చోటే హాట్‌స్పాట్. దాని మీదుగా భూమి పైపొరలోని పలక కదిలితే అగ్నిపర్వతాల వరస జాడగా మిగులుతుంది. హవాయి హాట్‌స్పాట్ ఇప్పుడు కిలౌయా అగ్నిపర్వతం కింద ఉంది. అక్కడికి వాయవ్యంగా సుమారు 520 కిలోమీటర్ల దూరంలోని కవాయి దీవి వయసు దాదాపు 51 లక్షల ఏళ్లు. భాగిస్తే పసిఫిక్ పలక వేగం ఏడాదికి 10 సెంటీమీటర్లు.

దూరం కొలవడం తేలికే. చిక్కంతా వయసుతోనే. రాయిలోని పొటాషియంలో కొంత కాలక్రమంలో ఆర్గాన్ వాయువుగా మారుతుంది; ఆ రెండింటి నిష్పత్తే వయసు చెబుతుంది. కోట్ల ఏళ్లు సముద్రంలో నానిన బసాల్ట్‌లోకి (గడ్డకట్టిన లావా రాయిలోకి) పొటాషియం చేరుతుంది, ఆర్గాన్ జారిపోతుంది. రెండూ రాయిని అసలు వయసుకన్నా చిన్నదిగా చూపిస్తాయి. అందుకే ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతి కావాలి. రాయిని నలగ్గొట్టి, చెడిపోని ప్లేజియోక్లేజ్ అనే ఖనిజపు స్ఫటికాలను ఏరి, ఆమ్లంతో కడిగి, రియాక్టర్‌లో న్యూట్రాన్లకు గురిచేస్తారు. పొటాషియం-39లో కొంత ఆర్గాన్-39గా మారుతుంది; రాయిలో పొటాషియం ఎంతుందో అదే చెబుతుంది. తర్వాత మెట్టుమెట్టుగా వేడిచేస్తూ ఒక్కో మెట్టులో వెలువడిన వాయువుకు విడిగా వయసు కడతారు. మొత్తం ఆర్గాన్-39లో సగానికి పైగా ఇచ్చిన కనీసం మూడు వరస మెట్లు ఒకే వయసు చెప్పాలి. లేదంటే ఆ అంకెను పక్కన పెట్టాల్సిందే.

సరైన రాయిని ఎంచుకోవడం అంతకన్నా ముఖ్యం. ఓహు దీవిని కట్టిన ప్రధాన అగ్నిపర్వతాల వయసు 20 లక్షల ఏళ్లకు పైనే. అదే దీవిలోని డైమండ్ హెడ్ అనే అగ్నిపర్వత బిలానికి పది లక్షలైనా లేవు. అది చాలాకాలం ఆగి మళ్లీ రగిలిన దశ. ఆ రాయితో లెక్కకడితే పలక వేగం రెట్టింపు దాటుతుంది.

ఇక హాట్‌స్పాట్ కదలదన్న నమ్మకం. హవాయి–ఎంపరర్ అనే దీవుల, సముద్రగర్భ పర్వతాల వరస దాదాపు 4.7 కోట్ల ఏళ్ల నాడు వంపు తిరిగింది. పలక దిశ మారడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. దాన్ని పరీక్షించే దారి ఒకటుంది. లావా చల్లారేటప్పుడు అయస్కాంత వంపుకోణాన్ని, అంటే భూమి అయస్కాంత క్షేత్రం నేలకు ఎంత వాలుగా ఉందో దాన్ని, దాచుకుంటుంది. ఆ కోణం టాంజెంట్ అక్షాంశం టాంజెంట్‌కు రెట్టింపు. హవాయి ఉన్న 19 డిగ్రీల దగ్గర కోణం సుమారు 35 రావాలి. 2001లో ఎంపరర్ పర్వతాల మీద తవ్విన రాళ్లలో, డిట్రాయిట్ పర్వతం 34 డిగ్రీల ఉత్తరాన పుట్టినట్టు తేలింది. అంటే హాట్‌స్పాటే దక్షిణానికి జరిగింది. ఒకటి రెండు లావా పొరలతో మాత్రం ఇలా తేల్చకూడదు: అయస్కాంత క్షేత్రం శతాబ్దాల పొడవునా ఊగుతుంటుంది, ఆ ఊగిసలాట సగటు కావడానికి చాలా పొరలు కావాలి.

హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి హాట్‌స్పాట్ జాడలో చిక్కు వేరు. దక్కన్ నుంచి లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ దాకా వచ్చిన వరస అక్కడ తెగి, మస్కరీన్ పీఠభూమి మీద మళ్లీ కనిపిస్తుంది. మధ్యలో, పలకలు విడిపోతూ కొత్త సముద్రతలం పుట్టే సముద్ర మధ్య పర్వతశ్రేణి హాట్‌స్పాట్‌ను దాటింది. ఆ విస్తరణతో జాడ రెండు ముక్కలుగా దూరమైంది. కాబట్టి ముందు సముద్రతలపు అయస్కాంత చారలతో ఆ విస్తరణను మూసేసి, ఆ తర్వాతే దూరం కొలవాలి.

ఇన్ని సవరణలున్నా ఈ జాడలను వదులుకోలేం. అయస్కాంతం అక్షాంశాన్నే ఇస్తుంది, రేఖాంశాన్ని ఇవ్వలేదు. పలక తూర్పు-పడమరలుగా ఎంత జరిగిందో తెలుసుకోవడానికి ఈ జాడలు కావాలి.