3 నెలలు దాటిన నడుం నొప్పి: ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు

నమస్కారం అండీ. నడుం నొప్పి మొదలై 3 నెలలు దాటిందా? మాత్ర వేసుకుంటే తగ్గి, మానేయగానే మళ్లీ వస్తోందా? అయితే ఒక చాప, మడతపెట్టిన దుప్పటి, ఒక స్టీలు గ్లాసు తెచ్చుకుని కూర్చోండి. గ్లాసు ఎందుకో కాసేపట్లో చూపిస్తాను.

ముందు ఒక ముఖ్యమైన మాట. మూత్రం రాకపోవడం లేదా ఆపుకోలేకపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకపోవడం ఉంటే వీడియో ఆపేసి ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితో పాటు జ్వరం వస్తున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఎంఆర్ఐ కవరు పట్టుకుని వస్తారు. "డిస్క్ అరిగిపోయిందట మేడమ్, ఇక వంగకూడదట" అంటారు. ఆ భయంతో బిందె ఎత్తరు, పిల్లల్ని ఎత్తుకోరు, ఏడాది తిరిగేసరికి నడుము బిగుసుకుపోతుంది. నిజానికి నడుం నొప్పే లేనివాళ్ల స్కాన్‌లు పరిశీలించి 2015లో ఒక సమీక్ష వచ్చింది. 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, 50 ఏళ్లవాళ్లలో 80 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. అంటే రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన మీ నడుము పాడైపోయినట్టు కాదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామం చేయించమన్నాయి, నడుం బెల్టు, ట్రాక్షన్ (బరువులతోనో యంత్రంతోనో నడుముని లాగి పట్టే చికిత్స) మామూలుగా వాడొద్దన్నాయి.

ఇక మొదలుపెడదాం. చాప మీద మోకాళ్లు, అరచేతులు ఆనించండి. మోకాళ్ల కింద దుప్పటి వేసుకోండి. పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు వీపుని మెల్లగా పైకి గుండ్రంగా వంచి, మళ్లీ కిందికి వదలండి. ఎనిమిది సార్లు చాలు. ఇది నడుముని కదలికకి సిద్ధం చేయడానికే, బలంగా సాగదీయొద్దు.

ఇప్పుడు అదే భంగిమలో గ్లాసు సరిగ్గా నడుము మీద పెట్టించుకోండి. ఖాళీ గ్లాసే. కుడి కాలిని వెనక్కి, నేల మీద జారుస్తూ చాపండి. తర్వాత తుంటి ఎత్తు వరకే లేపండి. గ్లాసు పడిపోయిందా? దాదాపు అందరికీ మొదటిసారి పడుతుంది. కాలు మరీ పైకి ఎత్తడం వల్ల నడుము లోపలికి కుంగిపోతుంది, లేదా తుంటి ఒక పక్కకి ఒరుగుతుంది. ఎత్తు తగ్గించి, మడమతో వెనక గోడని నెడుతున్నట్టు అనుకోండి. ఇప్పుడు నిలబడింది చూశారా! మామూలుగా ఊపిరి తీసుకుంటూ 8 సెకన్లు ఆపి దించండి. కాలు కుదిరాక, ఎదురు చెయ్యి కూడా ముందుకి చాపండి. ఒక్కో వైపు ఐదు సార్లు. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు వంటింటి గట్టు మీద చేతులు ఆనించి, నిలబడి చేయొచ్చు.

చివరిది, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపడం. పిరుదుల కండరాలు బిగించాకే లేపండి. పది సార్లు.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే టెన్షన్ పడకండి. నొప్పికి మీరే సున్నా నుంచి పది దాకా మార్కు వేసుకుంటే, అది నాలుగు లోపు ఉండి, మర్నాటి పొద్దుటికి ఎప్పటిలాగే అయితే సరిగ్గానే చేస్తున్నారు. పొద్దునకీ తగ్గకపోతే మానేయొద్దు, సంఖ్య సగం చేయండి. నొప్పి కాలిలోకి, మోకాలి కిందికి పాకుతుంటే మాత్రం ఆ వ్యాయామం ఆపి ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి.

వీటికి నడక కలపండి. నొప్పి తగ్గినవాళ్లు క్రమంగా వారానికి ఐదు రోజులు, రోజుకి 30 నిమిషాల నడకకి చేరేలా ఆస్ట్రేలియాలో ఒక అధ్యయనం చేశారు. ఫలితాలు 2024లో వచ్చాయి. మామూలుగా 112 రోజులకి తిరగబెట్టే నొప్పి, నడిచినవాళ్లలో 208 రోజుల దాకా రాలేదు. ఇవి మధ్యస్థ లెక్కలు, అంటే సగం మందికి అంతకంటే ముందే వచ్చింది, మిగతా సగం మందికి అప్పటిదాకా రాలేదు.

మూడో వారమో నాలుగో వారమో ఒక రోజు నడుం మళ్లీ పట్టేయొచ్చు. చాలామంది అక్కడే ఆపేస్తారు, నాకు అదే బాధ. ఆ రోజు గ్లాసు పక్కన పెట్టండి. పిల్లిలా వీపు వంచేది ఒక్కటి చేసి, వీధి చివరిదాకా మెల్లగా నడిచి రండి. రెండు మూడు రోజులు అంతే చేసి, మళ్లీ ఒక్కో వైపు రెండేసి సార్లతో మొదలుపెట్టండి.