సాయంత్రం ఏడు గంటలు ఎవరివి? – అనంతపురం స్టూడియో చర్చ

ఇక్కడి కమ్యూనిటీ రేడియోలో సాయంత్రం ఏడింటికి వచ్చే రైతుల గంటను తొమ్మిదిన్నరకు జరిపి, ఆ చోట రాక్ సంగీతం పెట్టారు. అప్పటినుంచి ఇదే రచ్చ. చర్చలో ముఖ్యమైన భాగం కింద ఇస్తున్నాను. మాట ఎక్కడ తెగిందో అక్కడే వదిలేశాను. ఉరుము అనే డోలు వాయించే తాతకు దక్కిన సమయం మరీ తక్కువ, అది నాకు బాధగా ఉంది.

సంధానకర్త: నమస్కారం. అందరికీ సమాన సమయం ఇస్తాం. నా ప్రశ్న ఒక్కటే. రేడియో మనదంటాం, మరి అందులో మన యాస యాడుంది? ముందు రైతు నాయకుడు...

రైతు నాయకుడు: యాస తర్వాత సార్, ముందు పురుగు సంగతి మాట్లాడదాం. ఎర్ర గొంగళి పురుగు. గట్టిగా ఒక వాన పడిందంటే భూమిలో ఉండే కోశం నుంచి రెక్కల పురుగు బయటికొస్తాది. ఎప్పుడొస్తాది? పొద్దు గూకినాక. ఆ రాత్రే గట్ల మీద మంటలు ఎయ్యల్ల. ఒక్కడు ఏస్తే లాభం లే, ఊరంతా ఏస్తేనే వెలుగుకొచ్చి కాలి సస్తాది. లేకుంటే గుడ్లు పెడతాది, పిల్ల పురుగులు చేనుకు చేను నాకేస్తాయి. ఏడింటికి రేడియోలో చెప్తే జనం కదులుతారు. తొమ్మిదిన్నరకు చెప్తే ఎవరింటారు? పండుకొనింటారు.

రాక్ గంట సమర్పకురాలు: అన్నా, అట్లాంటి హెచ్చరిక వస్తే పాట మధ్యలో ఆపి చెప్తామని మేము రాసిచ్చినాం...

రైతు నాయకుడు: రాసిచ్చేది కాదు పాపా! ఆ గంటకు గిటార్ మోగుతాంటే మా నాయన రేడియో కట్టేస్తాడు. కట్టేసినోనికి నీ హెచ్చరిక ఎట్ల ఇనపడతాది? చెప్పు!

సమర్పకురాలు: మీ నాయన కట్టేస్తాడు సరే, మీ కొడుకు...

రైతు నాయకుడు: నా కొడుకు బెంగళూరులో ఉన్నాడు. ఇక్కడ వాన లేకనే పోయినాడు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

సంధానకర్త: సరిగ్గా ఇక్కడే యాస వస్తుంది. రేడియోలో ‘వేరుశనగ’ అంటారు, మనం బుడ్డలంటాం. మేడం, మీరు ఆకాశవాణిలో చదివినప్పుడు ఏమనేవారు?

విశ్రాంత అనౌన్సర్: వేరుశనగ అనే చదివాను. కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు ఇచ్చే కాగితంలో అలాగే ఉండేది. ‘కదిరి-6 వేరుశనగ విత్తనం’ అని ఎన్నిసార్లు చదివానో. ఒకాయన ఉత్తరం రాశారు, ‘అమ్మా, బుడ్డలనండి, ఇంటి మనిషి చెప్పినట్టుంటుంది’ అని. నేను అనలేదు. అనుండాల్సింది.

సంధానకర్త: చూశారా!

విశ్రాంత అనౌన్సర్: కానీ గొడవ దాని గురించి కాదండీ, పరిధి గురించి. కడప ఆకాశవాణి మీడియం వేవ్ మీద, 900 కిలోహెర్ట్జ్‌లో జిల్లాలు దాటి వినిపించేది. కమ్యూనిటీ రేడియోకు అనుమతించేది 100 వాట్లే. పది పదిహేను కిలోమీటర్లు పోతే గొప్ప. ఆ చుట్టుపక్కల వాళ్ల కోసమే అది పుట్టింది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి దళిత మహిళలే రేడియో నడిపారు, వాళ్ల మాటల్లోనే...

సంధానకర్త: వాళ్ల యాసలోనే!

విశ్రాంత అనౌన్సర్: ...వాళ్ల పంటల గురించి. వాక్యం పూర్తి చేయనివ్వండి.

సమర్పకురాలు: మేడం చెప్పిందే మా మాట కూడా. 2002లో కాలేజీలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు ఈ రేడియోలు పెట్టుకునే వీలిచ్చినారు. కార్యక్రమాల్లో సగమైనా ఇక్కడే తయారు కావాలని నియమం. మా గంటలో పాడేది ఇక్కడి పిల్లలే. రాక్ అంటే ఏందో పరాయిది అనుకుంటారు. అది బ్లూస్ అనే సంగీతం నుంచి వచ్చింది, ఆ బ్లూస్ అమెరికా పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లవాళ్ల పాటల నుంచి వచ్చింది. కలుపు తీస్తా మా అవ్వ పాడిన పాట ఏందన్నా? అదీ ఒళ్లు నొప్పిలో పుట్టిందే కదా?

రైతు నాయకుడు: అయితే మీ అవ్వ పాటే పెట్టు! ఎవరొద్దన్నారు?

సమర్పకురాలు: పెట్టినాం! మీరు కట్టేసినారు కదా, ఎట్ల ఇంటారు? ఇంకొకటన్నా. 2024 ఆగస్టులో కేంద్రం 234 ఊళ్లకు కొత్తగా ప్రైవేటు ఎఫ్ఎం వేలానికి ఒప్పుకునింది. అనంతపురం, ధర్మవరం, గుంతకల్లు, హిందూపురం, తాడిపత్రి అన్నీ ఉన్నాయి. వాళ్లొస్తే సినిమా పాటలే. గుంతకల్లులో ఒక పిల్లోడు వలస మీద పాట కట్టినాడు, అది ఎవరు ఏస్తారు?

రైతు నాయకుడు: ఫోన్‌లో ఏసుకో పాపా. యూట్యూబ్ ఉండాది. నా రైతుకు ఏముంది?

సంధానకర్త: ఫోన్‌లోనే ఎఫ్ఎం వస్తుంది కదండీ?

విశ్రాంత అనౌన్సర్: ఇప్పుడు చాలా ఫోన్లలో తీసేశారు. 2023లో ప్రభుత్వమే కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది, ఎఫ్ఎం ఉంచండని. ఉన్నా, ఇయర్‌ఫోన్ వైరు పెడితేనే పలుకుతుంది, ఆ వైరే ఏరియల్...

రైతు నాయకుడు: ఇప్పుడు వైర్ల సంగతెందుకు మేడం! పురుగు సంగతి అడిగినా నేను. తొలకరికి ఎన్ని దినాలుంది? మళ్లీ చెప్తాండా, మంట ఒక్కడు ఏస్తే లాభం లే, ఊరంతా...

సంధానకర్త: అది చెప్పారన్నా. ఉరుముల తాతను ఒక మాట అడుగుదాం. తాతా, మీ పాటలో యాస...

ఉరుముల కళాకారుడు: యాస నాకు తెల్దు నాయనా. ఈ పిల్లోళ్లొచ్చి నా ఉరుము రికార్డు చేసుకున్యారు. ఒక పక్క వంకర పుల్లతో రుద్దితే మబ్బు గుర్రుమన్నట్టుంటాది, ఇంగో పక్క పుల్లతో కొట్టల్ల. దాని మీద గిటార్ ఏసినారు. బాగుండాది, కాదనను. గంగమ్మ జాతర్లో కొట్టే వరస అది. కానీ ఎవరు కొట్టినారో చెప్పలే. మా ఊరి పేరు గూడా చెప్పలే.

సమర్పకురాలు: తప్పే తాతా. రేపే చెప్తాం.

రైతు నాయకుడు: చూసినారా సార్! పెద్దాయన పేరు చెప్పనోళ్లు రైతు మాట ఏం చెప్తారు? ఇదీ అసలు రంగు!

ఉరుముల కళాకారుడు: నేననేది అది కాదు నాయనా, గంట తీసెయ్యమని నేను...

రైతు నాయకుడు: తీసెయ్యాల్సిందే! రేడియో తరంగాలు ప్రజలవని సుప్రీంకోర్టే 1995లో చెప్పింది. ప్రజలంటే ఎవరు? సేద్యం చేసేటోళ్లు కాదా?

సమర్పకురాలు: మేము కామా? మేము ఎవరి పిల్లోళ్లం?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడటంతో కొన్ని మాటలు వినపడలేదు.)

సంధానకర్త: అయితే రైతుల గంట ఏడింటికే ఉండాలన్నది ఎక్కువమంది మాటగా...

విశ్రాంత అనౌన్సర్: ఎక్కువమంది ఎక్కడండీ? ఒక్కరే అన్నారు. గట్టిగా అన్నారు, అంతే. ఆరున్నరకు రైతులది, ఏడున్నరకు పిల్లలది పెడితే...

రైతు నాయకుడు: ఆరున్నరకు గొడ్లు ఇంటికొచ్చే పొద్దు మేడం! పాలు ఎవరు పిండుతారు?

ఉరుముల కళాకారుడు: ఉరుము తెచ్చినా నాయనా. ఒక్క నిమిషం కొట్టి...

సంధానకర్త: సమయం అయిపోయింది తాతా, ఈసారి తప్పకుండా. యాస గురించి మనం ఇంకా...

రైతు నాయకుడు: సోమవారం లోపల గంట మార్చకుంటే ఊర్లకు ఊర్లు కదిలొచ్చి ఆ రేడియో వాకిట్లో కూర్చుంటాం, రాసుకోండి, తొలకరి ఎవరి కోసమూ ఆగదు, పురుగు...

(సంగీతం మొదలైంది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.)