పాయింట్లు రాని జట్టు, ఎన్‌ఎఫ్‌ఎల్ ఎగబడే ఆటగాళ్లు: అయోవా కోచ్‌లు ఏం నేర్పుతున్నారు?

నమస్తే అండి. ఈరోజు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. ముందుగా ఒక విచిత్రం చెప్తాను.

2022 సీజన్‌లో అయోవా యూనివర్సిటీ జట్టు అఫెన్స్, అంటే బాల్‌ని ముందుకు నడిపే దళం, ఎంత ఘోరంగా ఆడిందంటే, కాలేజీ ఫుట్‌బాల్ పై డివిజన్‌లోని 131 జట్లలో, సంపాదించిన యార్డుల లెక్కన, దానిది 130వ స్థానం. ఆ జట్టులో శామ్ లపోర్టా అనే టైట్ ఎండ్ ఉన్నాడు. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, డెట్రాయిట్ లయన్స్ అతన్ని రెండో రౌండ్‌లో తీసుకుంది. మొదటి సీజన్‌లోనే 86 క్యాచ్‌లు పట్టాడు. అప్పటివరకు ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో కొత్తగా వచ్చిన ఏ టైట్ ఎండూ అన్ని పట్టలేదు.

మరి బాల్‌ని ముందుకు నడపలేని జట్టులోంచి ఇలాంటి ఆటగాడు ఎలా వచ్చాడు? అదృష్టం అని వదిలేద్దామంటే కుదరదు. ఎందుకంటే అయోవా నుంచి ఇలా వచ్చినవాళ్ల వరస చాలా పెద్దది.

టైట్ ఎండ్ అంటే రెండు పనుల మనిషి. ఒక ప్లేలో లైన్‌లో నిలబడి, తనకంటే బరువైన డిఫెండర్‌ని అడ్డుకుంటాడు. దాన్నే బ్లాకింగ్ అంటారు. ఇంకో ప్లేలో పరిగెత్తుకెళ్లి పాస్ పట్టుకుంటాడు. ఈ రోజుల్లో చాలా కాలేజీల్లో రెండో పనికే పేరు. మొదటి పని ఎవరూ చూడరు. అయోవాలో మాత్రం మొదటి పని రాకపోతే మైదానంలోకే దిగనివ్వరు.

జార్జ్ కిటిల్‌నే తీసుకోండి. అయోవాలో ఉన్నన్నాళ్లూ కలిపి అతను పట్టినవి 48 పాస్‌లే. 2017 డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్ దాకా ఎవరూ అడగలేదు, చివరికి 146వ పిక్‌గా (ఎంపికగా) శాన్ ఫ్రాన్సిస్కో తీసుకుంది. రెండో సీజన్‌లో, అంటే 2018లో, పాస్‌లు పట్టి 1,377 యార్డులు! ఒక సీజన్‌లో టైట్ ఎండ్‌కి అది అప్పటి రికార్డు. ఆ జట్టు కోచ్ కైల్ షనహాన్ ఆట మొత్తం ఔట్‌సైడ్ జోన్ అనే రన్నింగ్ పద్ధతి మీద నడుస్తుంది. కిటిల్ కాలేజీలో రోజూ సాధన చేసింది కూడా అదే పద్ధతి. కొత్త ఊరికి వెళ్లినా పాత పనే చేశాడు. అందుకే మైదానంలో నిలిచాడు, మైదానంలో ఉన్నాడు కాబట్టే పాస్‌లు కూడా వచ్చాయి.

ఈ ఔట్‌సైడ్ జోన్ గురించి కాస్త ఆగి చెప్పాలి, అసలు విద్యంతా అక్కడే ఉంది. స్నాప్ అవ్వగానే, అంటే సెంటర్ బాల్‌ని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టగానే, అఫెన్సివ్ లైన్‌లోని ఐదుగురూ (మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, చివర్న టాకిల్‌లు), వాళ్ల పక్కన టైట్ ఎండూ, అందరూ ఒకే వైపుకి అడుగేస్తారు. ఎవరికీ "నువ్వు ఫలానావాణ్ణి పట్టుకో" అని ఉండదు, తన దారిలోకి ఎవరొస్తే వాణ్ణి పట్టుకోవాలి. పక్కపక్కనున్న ఇద్దరు కలిసి ఒక డిఫెండర్‌ని నెడతారు. సరైన క్షణంలో వాళ్లలో ఒకడు విడిపోయి వెనకున్న లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ రెండో వరస ఆటగాడు) మీదికి వెళ్లాలి. తొందరపడితే మొదటివాడు తప్పించుకుంటాడు, ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ వచ్చి బాల్ పట్టుకున్న రన్నర్‌ని పడేస్తాడు. కబడ్డీలో చైన్ పట్టుకున్న ఇద్దరు డిఫెండర్లకి పక్కవాడి కదలిక చూడకుండానే తెలిసిపోతుంది చూశారా, అలా తెలియాలి. బోర్డు మీద గీసి చెప్తే వచ్చేది కాదది. కాళ్లకి అలవాటు కావాలి. దానికి ఏళ్లు పడుతుంది.

ఆ ఏళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దొరకవండి. 2011లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం నుంచీ, రెగ్యులర్ సీజన్ మొత్తంలో ప్యాడ్లు వేసుకుని నిజంగా ఢీకొంటూ చేసే ప్రాక్టీస్‌లు 14కి మించకూడదు. ఆటగాళ్ల ఒంటికి అది మంచిదే, నేను దానికి పూర్తిగా మద్దతు. కానీ ఓనమాలు నేర్పే తీరిక అక్కడ పోయింది. నేలకి చెయ్యి ఆనించి కిందనుంచి లేచి నెట్టడం రాని లైన్‌మన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వస్తే, నేర్చుకోవాల్సింది ఆదివారం మ్యాచ్‌లోనే. పాస్ పట్టే రిసీవర్లని మైదానమంతా పరిచే స్ప్రెడ్ అఫెన్స్ ఆడే చాలా కాలేజీల్లో లైన్‌మన్ నిటారుగా నిలబడే మొదలుపెడతాడు, బాల్ కూడా చకచకా చేతులు మారిపోతుంది. పాయింట్లు బోలెడు వస్తాయి, స్టేడియం ఊగిపోతుంది. ఆ పిల్లాడికి మాత్రం తర్వాతి ఉద్యోగానికి కావలసిన పని సగమే వస్తుంది.

అయోవాలో దీని వెనకున్న మనిషి కర్క్ ఫెరెంట్జ్. 1999 నుంచి ఆయనే హెడ్ కోచ్. అంతకుముందు 1980లలో అదే అయోవాలో అఫెన్సివ్ లైన్ కోచ్. తర్వాత క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో బిల్ బెలిచిక్ కింద, ఆపైన బాల్టిమోర్ రేవెన్స్‌లో అదే పని. ప్రొఫెషనల్ లైన్‌మన్ ఎలా ఉండాలో దగ్గరుండి చూసి వచ్చినవాడు.

ఆయన కోచ్‌లు కుర్రాళ్లని ఎంచుకునే తీరు నాకు భలే నచ్చుతుంది. వచ్చేటప్పటి పొజిషన్‌ని పెద్దగా పట్టించుకోరు. డల్లాస్ క్లార్క్ స్కాలర్‌షిప్ కూడా లేకుండా లైన్‌బ్యాకర్‌గా చేరాడు. టైట్ ఎండ్‌గా మార్చారు. 2002లో దేశంలోనే ఉత్తమ టైట్ ఎండ్‌కిచ్చే జాన్ మాకీ అవార్డు, 2003లో మొదటి రౌండ్. రాబర్ట్ గాలరీ టైట్ ఎండ్‌గా వచ్చాడు, టాకిల్‌ని చేశారు, 2004 డ్రాఫ్ట్‌లో రెండో పిక్. టైలర్ లిండర్‌బామ్ డిఫెన్సివ్ లైన్‌కి వచ్చాడు. 2018 చివర్లో, సీజన్ ముగింపులో ఆడే బౌల్ గేమ్‌కి తయారవుతున్న రోజుల్లో సెంటర్‌కి మార్చారు. మూడేళ్లకి దేశంలో ఉత్తమ సెంటర్‌కిచ్చే రిమింగ్టన్ ట్రోఫీ అతనిదే.

వీళ్లలో కోచ్‌లు చూసేది పాదాలు, నడుము, తోపులాటలో ఒంటిని నిలబెట్టుకునే తీరు. అయోవా రాష్ట్రంలో రెజ్లింగ్ అంటే ప్రాణం. లిండర్‌బామ్, అయోవాలోనే ఆడిన ట్రిస్టన్ వర్ఫ్స్ ఇద్దరూ హైస్కూల్లో రెజ్లర్లే. ఒకసారి మ్యాట్ మీద ఒకరితో ఒకరు తలపడ్డారు కూడా, గెలిచింది లిండర్‌బామ్. వర్ఫ్స్ 2020లో 13వ పిక్‌గా టాంపా బే వెళ్లి, మొదటి సీజన్‌లోనే సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిచిన జట్టులో టాకిల్‌గా ఆడాడు.

ఇదంతా చెప్పి ఒక విషయం దాటేస్తే తప్పవుతుంది. 2020లో జేమ్స్ డేనియల్స్‌తో సహా పలువురు మాజీ నల్లజాతి ఆటగాళ్లు, అక్కడ తమని వేరుగా చూశారని బయటికొచ్చి చెప్పారు. బయటి న్యాయ సంస్థతో విచారణ జరిగింది, జట్టు నియమాల్లో పక్షపాతం ఉందని నివేదిక చెప్పింది. వ్యాయామ శిక్షణ చూసే స్ట్రెంత్ కోచ్ క్రిస్ డోయల్ వెళ్లిపోయాడు. మనిషిని నలిపి ఆటగాణ్ణి తయారుచేస్తే దాన్ని శిక్షణ అని నేను అనను.

ఇంకోటి, ఈ పద్ధతి అన్ని పొజిషన్లకీ పనికిరాదు. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌లనీ, వాటిని పట్టే వైడ్ రిసీవర్లనీ అయోవా తయారుచెయ్యలేకపోతోంది. 2023లో పది మ్యాచ్‌లు గెలిచి కూడా యార్డుల్లో దేశంలో చిట్టచివర నిలిచింది. ఆ ఏడాది అఫెన్స్ కోచ్‌గా ఉన్న ఫెరెంట్జ్ కొడుకు బ్రయన్ కాంట్రాక్ట్‌లో, మ్యాచ్‌కి సగటున 25 పాయింట్లు రావాలని రాశారు. రాలేదు, ఉద్యోగం పోయింది. రిసీవర్ కావాలనుకునే కుర్రాడికి నేను ఓహయో స్టేట్ వైపే చూపిస్తాను. అక్కడ 2025 సీజన్ దాకా కోచ్‌గా ఉన్న బ్రయన్ హార్ట్‌లైన్ దగ్గర నేర్చుకున్న రిసీవర్లు 2022 నుంచి 2025 దాకా ప్రతి డ్రాఫ్ట్‌లోనూ మొదటి రౌండ్‌లో వెళ్లారు. ఆయన స్వయంగా ఒకప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్ రిసీవర్, ఆ పొజిషన్ గుట్టుమట్లు తెలిసినవాడు.

ఇప్పుడు నాకున్న భయం వేరే. 2021 నుంచి ఆటగాళ్లు ఒక ఏడాది మ్యాచ్‌లకి దూరంగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు, తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అది వాళ్ల హక్కు, ఎప్పుడో రావాల్సింది. కానీ ఈ పద్ధతికి మూడేళ్ల ఓపిక కావాలి. రెండేళ్లు బెంచ్ మీద ఉన్న కుర్రాడికి పక్క కాలేజీ డబ్బూ, మ్యాచ్‌లూ రెండూ ఇస్తానంటే ఎలా ఆగుతాడు? నన్నడిగితే, ఆగినవాడికి ఏటేటా పెరిగే జీతం పెట్టాలి. ముందుగా లైన్ కోచ్‌ని మార్చకుండా అట్టిపెట్టుకోవాలి, కుర్రాళ్లు నమ్మేది ఆ మనిషినే.

ఈ శనివారం అయోవా మ్యాచ్ పెడితే, స్నాప్ అయిన మొదటి రెండు సెకన్లు బాల్‌ని వదిలేయండి. సెంటర్‌నీ పక్కనున్న గార్డ్‌నీ చూడండి. ఇద్దరిలో ఎవరు విడిపోయారు, ఎప్పుడు విడిపోయారు, అది పట్టుకోగలిగారేమో కామెంట్‌లో రాయండి.