మిషిగన్ సెంట్రల్‌కి రైలు కావాలి

డెట్రాయిట్ తెలుగువారి సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, పొద్దుటినుంచి కుర్చీలు వేసి, వంటలు దించి, ఇంకా నిలబడే ఉన్న మన కార్యకర్తలకి, ఇంత చలిలో కాంటన్ నుంచి, ట్రాయ్ నుంచి, నోవై నుంచి వచ్చిన మీ అందరికీ నమస్కారం. డెట్రాయిట్‌లో నా జీవితం గురించి మాట్లాడమన్నారు. ఇచ్చిన టైమ్ అరగంట. నా జీవితం సంగతి మరోసారి చూద్దాం. ఈ అరగంటా నేను ఒక స్టేషన్ గురించే మాట్లాడతాను, దయచేసి ఓపిక పట్టండి.

మిషిగన్ సెంట్రల్ స్టేషన్. డెట్రాయిట్‌లోని కార్క్‌టౌన్ అనే పేటలో ఉంది. 1913 డిసెంబరు 26న పాత స్టేషన్ కాలిపోతే, ఇంకా ప్రారంభోత్సవం కూడా జరగకుండానే ఆ రోజే ఇందులోకి బండ్లు వచ్చేశాయి. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ కట్టిన ఆర్కిటెక్టులే దీన్నీ కట్టారు. స్టేషన్ మీద 18 అంతస్తుల ఆఫీసు. ఆ రోజుల్లో ప్రపంచంలో అంత ఎత్తయిన రైల్వే స్టేషన్ ఇంకోటి లేదు. అదే ఏడాది ఈ ఊరి మధ్యలోనే ఉన్న హైలాండ్ పార్క్‌లో హెన్రీ ఫోర్డ్ కార్లు బిగించే కదిలే అసెంబ్లీ లైన్ మొదలుపెట్టాడు. అంటే ఈ స్టేషనూ, దాన్ని ఖాళీ చేయించబోయే కార్ల లైనూ ఒకే చోట, ఒకే ఏడు పనిలోకి దిగాయి.

డౌన్‌టౌన్‌కి అంత దూరంగా ఎందుకు కట్టారని చాలామంది అడుగుతారు. నది కింద కెనడాకి సొరంగం ఉంది. 1910లో తెరిచారు. ఆ సొరంగంలోంచి వచ్చే పట్టాలకి దగ్గరగా ఉండాలి కాబట్టి అక్కడ కట్టారు. ట్రాములు తిరిగినంతకాలం దూరం ఎవరికీ బాధ కాలేదు. ట్రాములు పోయాయి. పెద్ద పార్కింగ్ ముందే లేదు. 1956లో రైల్వే కంపెనీ 50 లక్షల డాలర్లకి అమ్మకానికి పెట్టింది, కట్టడానికి అయిన ఖర్చులో మూడో వంతుకి. కొనేవాడు రాలేదు. 1967లో పెద్ద ద్వారమే మూసేశారు. 1988 జనవరిలో ఆఖరి రైలు వెళ్ళిపోయింది.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, 1985 చలికాలంలో, చికాగో నుంచి రైలెక్కి ఆ స్టేషన్‌లోనే దిగాను. ఈ సంగతి మీలో కొందరికి ఇదివరకే చెప్పాను, మళ్ళీ చెప్తాను. నన్ను తీసుకెళ్ళాల్సిన మిత్రుడి కారు మంచులో ఇరుక్కుంది. హాల్లో బెంచీ మీద కూర్చున్నాను. సామాన్లు మోసే పెద్దాయన ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. నల్లజాతి మనిషి, అరవై దాటి ఉంటాయి. నాది ఏ ఊరు, ఎవరి దగ్గరికి వచ్చాను, తిన్నానా లేదా అని అడిగారు. తర్వాత వాళ్ళమ్మ గురించి చెప్పారు. ఆవిడ అలబామా నుంచి ఈ స్టేషన్‌లోనే దిగిందట. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఇక్కడికి నడిచొచ్చి, సిన్సినాటి నుంచి వచ్చే బండి దిగేవాళ్ళ మొహాలు చూస్తూ నిలబడేదట, తమ వైపు వాళ్ళెవరైనా ఉన్నారేమోనని. ఉంటే ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టి, మర్నాడు ఫ్యాక్టరీకి దారి చూపించేది. తెలిసినవాళ్ళు కాదండీ. తమ వైపు వాళ్ళు, అంతే.

అప్పట్లో మనం చేసిందీ అదే కదా! ఫోన్ డైరెక్టరీలో రావు అని కనిపిస్తే చాలు, ఫోన్ చేసి "మీరు తెలుగువారేనా అండీ" అని అడిగేవాళ్ళం. ఈ హాల్లో అలా పరిచయమైన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. దక్షిణాది నుంచి వచ్చిన నల్లవాళ్ళు, పోలండ్ వాళ్ళు, ఇటలీ వాళ్ళు, అందరూ ఆ ఒక్క హాల్లోంచే ఈ ఊళ్ళోకి నడిచారు. అందుకే అది నాకు ఆఫీసు బిల్డింగు కాదు. అక్కడ మనుషులు దిగాలి.

రైలు ఆగిపోయాక ఏం జరిగిందో చూశాం. రాగి పీకేశారు, పాలరాయి పీకేశారు, కిటికీలు పగిలిపోయాయి, వాన నేరుగా లోపలికే. ప్రపంచం నలుమూలల నుంచి ఫోటోగ్రాఫర్లు వచ్చి దాని ఫోటోలు తీసుకెళ్ళి "డెట్రాయిట్ చచ్చిపోయింది" అని చూపించారు. ఆ ఫోటోలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ ఫోటో అవతల ఇళ్ళున్నాయి, ఇళ్ళల్లో పిల్లలున్నారు, వాళ్ళని ఎవరూ తీయలేదు. 2009లో సిటీ కౌన్సిల్ కూల్చేయమని తీర్మానం చేసింది. ఒక మామూలు పౌరుడు చారిత్రక కట్టడాల చట్టం పట్టుకుని కోర్టుకి వెళ్ళాడు. కూల్చడం ఆగింది. 2013లో నగరమే 18 బిలియన్ డాలర్ల అప్పుతో దివాలా తీసింది. 1950లో 18 లక్షలు దాటిన జనాభా, 2020 లెక్కల్లో ఆరు లక్షల నలభై వేలు కూడా లేదు.

2018లో ఫోర్డ్ కంపెనీ దాన్ని 90 మిలియన్ డాలర్లకి కొంది. బాగు చేసిన తీరుకి మాత్రం నేను చేతులెత్తి దండం పెడతాను. బేస్‌మెంట్‌లోంచి 35 లక్షల గ్యాలన్ల నీళ్ళు తోడారు. వెయిటింగ్ హాలు పైకప్పుకి 29,000 పలకలున్నాయి. ఒక్కొక్కటీ చూసి, పాడైన 1,300 మాత్రమే మార్చారు. రాయి కోసం ఇండియానాలో ఏళ్ళ తరబడి మూతపడ్డ క్వారీని మళ్ళీ తెరిపించారు. పాత రాయి వచ్చిన క్వారీ అదే. ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఎప్పుడో ఎవరో ఎత్తుకెళ్ళిన గడియారం. ఫోర్డ్ కొన్నదని తెలియగానే ఒక మనిషి మ్యూజియానికి ఫోన్ చేసి, పేరు చెప్పకుండా, ఫలానా కాలిపోయిన బిల్డింగు గోడకి ఆనించి పెట్టాను, తీసుకెళ్ళండి అన్నాడు. వెళ్ళి చూస్తే దుప్పట్లలో చుట్టి ఉంది. అన్నాళ్ళూ దాన్ని జాగ్రత్తగా దాచాడన్నమాట. ఆ మనిషికి కూడా ఈ స్టేషన్ కావాలి!

2024 జూన్ 6న తెరిచారు. గాయని డయానా రాస్ పాడింది. వేలమంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను. తర్వాతెప్పుడో వెళ్ళి ఆ హాలంతా తిరిగాను. అద్భుతం. వెనక్కి, ప్లాట్‌ఫారాలుండే వైపుకి వెళ్ళాను. రైలు లేదు. ఆఫీసులు, స్టార్టప్‌లు ఉన్నాయి. చికాగో రైలు ఈ రోజుకీ న్యూ సెంటర్ అనే వేరే పేటలో ఉన్న చిన్న స్టేషన్ నుంచే వెళ్తుంది, రోజుకి మూడు. నది కింద సొరంగంలో సరుకు రైళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. పట్టాలున్నాయి, సొరంగం ఉంది, మనిషిని ఎక్కించుకునే బండే లేదు.

సికింద్రాబాద్‌లో చూడండి, 2025లో స్టేషన్ పాత ముఖద్వారం కూల్చేశారు. నాకు బాధేసింది. కానీ అక్కడ రైళ్ళున్నాయి, జనం ఉన్నారు. ఇక్కడ బిల్డింగు దక్కింది, బండి దక్కలేదు. కాచిగూడని చూస్తే నాకు ఆశ. 1916 నాటి బిల్డింగు ఉంది, దాని ముందు ఈ రోజుకీ బండ్లు ఆగుతున్నాయి. రెండూ కలిసి ఉండటం కుదిరే పనే.

ఇది ప్రైవేటు కంపెనీ ఆస్తి, మనకేం సంబంధం అని ఒక తమ్ముడు లంచ్‌లో అన్నాడు. సంబంధం ఉంది నాన్నా. నగరం, రాష్ట్రం పన్ను రాయితీలు ఇచ్చాయి. అవి నువ్వూ నేనూ కట్టిన పన్నులకి సంబంధించినవే. స్టేషన్ పక్కన రైళ్ళూ బస్సులూ ఆగే హబ్ కడతామని 2025లో ప్రకటించారు, టొరంటో రైలు కూడా వస్తుందన్నారు. ప్రకటనలు నేను చాలా చూశాను. అడిగేవాళ్ళు ఉంటేనే అవి పట్టాలెక్కుతాయి.

ఎంతమంది రైల్లో చికాగో వెళ్ళారు? చేతులెత్తండి. చూశారా, ఇంత హాల్లో ఎంత కొద్ది చేతులో! మన పిల్లలు యాన్ ఆర్బర్‌లో చదువుతున్నారు, చికాగోలో ఉద్యోగాలు చేస్తున్నారు. మన అమ్మానాన్నలు టొరంటోలో చెల్లెలి ఇంటికి వెళ్ళాలంటే మనం సెలవు పెట్టి కారు తోలాలి. ఇక్కడికి వచ్చాక కారు నడపలేక నెలల తరబడి ఇంట్లోనే కూర్చుండిపోయిన అత్తలు, మామలు ఈ హాల్లోనే ఉన్నారు. అమ్మా, మీ కోసమే అడుగుతున్నాను.

అధ్యక్షుల వారు చీటీ పంపారు, ముగిస్తాను. వెనక టేబుల్ మీద, భోజనాల టోకెన్లు ఇచ్చే చోట, రాష్ట్ర ప్రతినిధులకి రాసిన ఉత్తరాలున్నాయి. ఒక్కొక్క ఊరికీ విడివిడిగా పెట్టాం. మీ ఊరి కాగితం వెతుక్కుని, పేరు, జిప్ కోడ్ రాసి సంతకం పెట్టండి. ఓటు లేని వాళ్ళు కూడా పెట్టచ్చు, ఇక్కడ పన్ను కట్టేవాళ్ళే కదా. రైలు గురించి పబ్లిక్ మీటింగ్ పెట్టినప్పుడు మన గ్రూపులో వేస్తాను. నాతో వచ్చేవాళ్ళు ఇప్పుడే చెప్పండి, నా కారులో నలుగురికి చోటుంది.