పాత డ్రమ్ కిట్ సౌండు వయసుది కాదు, అంచుది

నమస్తే. ఈ వీడియో కొంచెం కోపంతోనే చేస్తున్నాను. పాత డ్రమ్ కిట్ల ప్రస్తావన వస్తే చాలు, అందరిదీ ఒకటే మాట: "చెక్క యాభై అరవై ఏళ్లు ఎండింది కదన్నా, అందుకే ఆ సౌండు." తిరుపతిలో ఆర్కెస్ట్రా వాళ్లూ ఇదే అంటారు, చర్చిలో వాయించే పిల్లలూ ఇదే అంటారు. అక్కడితో ఆగితే నేనూ ఊరుకునేవాణ్ణి. కానీ ఆ తర్వాత అదే కిట్‌ను వర్క్‌షాపుకు తీసుకెళ్లి, షెల్ (డ్రమ్ చెక్క గుండ్రం) అంచులు పదునుగా కోయించి, "కొత్తదానిలా చేయించామన్నా" అని ఫొటో పంపిస్తారు. ఏ సౌండు కోసం కొన్నారో ఆ సౌండు ఆ అంచుల్లోనే ఉండింది.

స్నేర్ అంటే అడుగున తీగలున్న డ్రమ్, టామ్ అంటే తీగల్లేనిది, కిక్ అంటే కాలితో వాయించే పెద్దది. అంతకుమించి చెప్పను. నేరుగా మృదంగం దగ్గరికి వెళ్దాం.

మహతి ఆడిటోరియంలో కచేరీ మొదలయ్యే ముందు మృదంగం వాయించే ఆయన్ను గమనించండి. బొంబాయి రవ్వను నీళ్లతో ముద్ద చేసి ఎడమవైపు, అంటే తొప్పి మధ్యలో అద్దుతారు. వేళ్లతో వత్తుతారు, అరచేత్తో ఒక దెబ్బ వేసి వింటారు, ఇంకొంచెం పెడతారు, మళ్లీ వింటారు. ఆ రవ్వ లేకపోతే గుమ్మనే నాదం రాదు. బరువు పడేసరికి చర్మం నిదానంగా ఊగుతుంది, శ్రుతి దిగుతుంది, గణగణమనే పై చప్పుళ్లు అణుగుతాయి.

కుడివైపున్న నల్లటి పూత పని ఇంకా సూక్ష్మం. ఏ పూతా లేని గుండ్రటి చర్మాన్ని కొడితే, అసలు స్వరంతోపాటు దానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు ఉండే కంపనాలు కూడా పుడతాయి. ఇవి ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే స్వరంలా కాకుండా మోతలా వినిపిస్తుంది. మృదంగం మీది నల్లపూత వాటిని సర్ది దాదాపు 2, 3, 4, 5 రెట్లకు తెస్తుంది. సి.వి.రామన్ ఈ సంగతిని 1920లో నేచర్ పత్రికలో రాశారు. వాద్యం చేసేవాళ్లు చెవితో పట్టుకున్నదాన్ని ఆయన లెక్కతో పట్టుకున్నారు. తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి డ్రమ్ కిట్‌కు రవ్వా లేదు, నల్లపూతా లేదు. ఆ పొసగని చప్పుళ్లను అణిచేది ఎవరు? పాత కిట్లలో ఆ రవ్వ పని చేసింది షెల్ అంచు.

(టామ్‌ను కెమెరా దగ్గరికి తెచ్చి)

ఇది 1960లలో జపాన్‌లో చేసిన టామ్. అప్పట్లో అక్కడి ఫ్యాక్టరీలు ఒకే రకం కిట్ చేసి, కొనేవాళ్లు ఏ పేరు అడిగితే ఆ పేరు బిళ్ల కొట్టి పంపేవి. చెక్క లువాన్, ఖరీదైనదేమీ కాదు. పైన బిగించే స్కిన్, అంటే మనం కొట్టే పొర, తీసేశాను. అంచు మీద వేలు పెట్టి తిప్పుతున్నాను చూడండి, ఎక్కడా పదును తగలదు, గుండ్రంగా జారిపోతోంది. లోపల అంచుకు ఆనుకుని ఇంకో చెక్క రింగు అతికించారు. షెల్ పల్చన కాబట్టి వంకర పోకుండా ఈ రింగు పట్టుకుంటుంది. ఇప్పుడు ఈ కొత్త టామ్ అంచు చూడండి. 45 డిగ్రీల కోత, కొన సన్నటి గీత.

స్కిన్ ఆ సన్నటి గీత మీద కూర్చుంటే చెక్క దాన్ని పెద్దగా పట్టుకోదు. దెబ్బ చురుగ్గా వినిపిస్తుంది, మోత చాలాసేపు సాగుతుంది, పై చప్పుళ్లన్నీ బయటికొస్తాయి. గుండ్రటి అంచు మీద కూర్చుంటే స్కిన్ ఎక్కువ మేర చెక్కకు తగులుతుంది. పై చప్పుళ్లు అక్కడే ఇంకిపోతాయి. అసలు స్వరం లావుగా ఒక్కసారి పలికి ఆగుతుంది. తొప్పి మీద రవ్వ చేసే పని మధ్యలో కాకుండా చుట్టూ అంచున జరుగుతోందన్నమాట.

షికాగో డ్రమ్ కంపెనీ లుడ్విగ్ వాళ్ల 1960ల షెల్ మూడే పొరలు, పైగా ఈ రింగులు. గ్రెచ్ అనే ఇంకో డ్రమ్ కంపెనీ వాళ్లది 30 డిగ్రీల అంచు. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టీవీలో వాయించినప్పుడు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ ముందున్నది లుడ్విగ్ కిట్టే. వాళ్లు అంత ఇష్టంగా విన్న ఆ కిట్ అప్పటికి కొత్తది! చెక్క ఎండడానికి టైమెక్కడిది?

స్కిన్ల సంగతి. 1950ల మధ్య దాకా దూడ చర్మమే వాడేవాళ్లు. వానాకాలం వస్తే వదులైపోయేది. గంగమ్మ జాతరలో పలకను మంట దగ్గర కాచి వాయిస్తారు చూడండి, అమెరికా డ్రమ్మర్లకూ అదే బాధ. 1957లో రెమో బెల్లీ ప్లాస్టిక్ స్కిన్లు తెచ్చారు. వాటి మీద గరుకు తెల్లపూత వేసినవే కోటెడ్ స్కిన్లు. పాత షెల్‌కు అవే కావాలి. రెండు పొరల మధ్య నూనె ఉండే ఆయిల్ స్కిన్ వేస్తే పై చప్పుళ్లు రెండుసార్లు అణిగిపోతాయి, డ్రమ్ మొద్దుబారుతుంది. కిక్ డ్రమ్‌లో దిండు కుక్కడమూ అంతే. తొప్పి మీద కిలో రవ్వ పెట్టినట్టు! లెడ్ జెప్లిన్ రాక్ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్ 26 అంగుళాల కిక్‌తో వాయిస్తుంటే, మెట్లదారిలో పైనుంచి రెండు మైకులు పెట్టి రికార్డు చేశారు. 1971లో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బమ్‌లోని ఆ సౌండు కోసం ఇవాళ్టికీ స్టూడియోల వాళ్లు తంటాలు పడుతున్నారు.

టైం అయిపోతోంది, మిగిలింది గబగబా చెప్పేస్తాను. మీ ఊళ్లో ఏ ఆర్కెస్ట్రా సామాన్ల గదిలోనో, చర్చి స్టోర్‌లోనో పాత కిట్ దొరికితే స్కిన్లు తీసి, షెల్‌ను సమంగా ఉన్న గ్రానైట్ బండ మీద బోర్లించండి. లైట్లు ఆర్పి, లోపల టార్చి పెట్టండి. అంచు కింద ఎక్కడ వెలుతురు వస్తే అక్కడ పల్లం ఉంది. కొంచెమే అయితే ఎత్తున్న చోట మాత్రం సన్నటి ఉప్పు కాగితంతో రుద్దాలి. మొత్తం కోయించొద్దు. తిరుపతి ఎండకు పైన అతికించిన మెరుపు షీటు లేచి ఉంటుంది, అది అందం సంగతే, తర్వాత చూసుకోవచ్చు.

అడుగు స్కిన్ తప్పకుండా ఉండాలి. మృదంగంలో ఒకవైపు కొడితే లోపలి గాలి రెండోవైపును కదిలిస్తుంది, ఇక్కడా అదే కథ. బోల్టులు ఎదురెదురుగా బిగించండి, అడుగుది పైదానికన్నా కాస్త ఎక్కువ. కిక్‌లో దిండు తీసేసి, స్కిన్‌కీ అంచుకీ మధ్య ఒక ఫెల్ట్ పట్టీ నిలువుగా వేయండి, అది చాలు. స్నేర్ తీగల సంగతి వేరే వీడియోలో.